జడ రాని పిల్ల

"నాకు గుండు కొట్టించండి!"

లహరి ఆ మాట అనేసరికి మహానందమ్మ చేతిలోని డబ్బా జారింది. మనవరాలి దుప్పటి మడతల్లో ఎవరికీ తెలియకుండా దాచాలనుకున్న నిప్పట్లు నట్టింట్లో నాలుగు దిక్కులకూ దొర్లాయి. ఇంటినుంచి తిండి తేకూడదని బడివాళ్లు చెప్పినా, ఆవిడ లెక్కలో నిప్పట్లు తిండి కిందికి రావు.

"ఏందీ? ఏమంటివే?"

"గుండు జేజీ! గుండు కొట్టిస్తే ఇంగ జడ గొడవే ఉండదు గదా. సోమవారం నేనూ బస్సెక్కుతా. బ్లెస్సీ పక్క సీటు నాదే!"

అని, మెడలో వేలాడుతున్న ఈల నోట్లో పెట్టుకుని మూడుసార్లు ఊదింది.

పక్కగదిలోంచి జనార్దనం, చదువుతున్న పేపరు కింద పెట్టకుండానే, "వస్తాండా!" అని కేక పెట్టాడు.

అది సోమవారం మొదలయ్యే అడవి బడి నియమం. దారి తప్పినవాళ్లు మూడు ఈలలు వేయాలి. విన్నవాళ్లు ఎవరైనా సరే, ఏ పనిలో ఉన్నా సరే, 'వస్తాండా' అని బదులిచ్చి అటు కదలాలి. లహరి ఆ నియమాన్ని ఇంటిల్లిపాదికీ నేర్పింది. ఇన్నాళ్లూ పంచాంగం ప్రకారం నడిచిన ఆమె తాత ఈ వారం ఈల ప్రకారం నడుస్తున్నాడు.

"యాడ తప్పిపోయినావు తల్లీ?" అని నవ్వుకుంటూ వచ్చిన ఆయన, నిప్పట్ల మధ్య నిలబడిన భార్యను చూసి ఆగాడు.

"నీ మనవరాలు గుండు కొట్టించుకుంటాదంట. అడుగు."

ఆయన మొహంలో నవ్వు పోయింది. గుండు అన్న మాటను ఆ ఇంట్లో ఏడేళ్లుగా ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తితే పుట్టువెంట్రుకలు గుర్తొస్తాయి. పుట్టువెంట్రుకలు గుర్తొస్తే పిల్ల మేనమామ గుర్తొస్తాడు. మేనమామ గుర్తొస్తే జనార్దనానికి అన్నం సహించదు.

ఆయన కోడలు హిమబిందు తెరిచిన సంచి ముందు కూర్చుని టార్చిలైటు, సబ్బుపెట్టె, తువ్వాళ్లు సర్దుతోంది. సర్దుతోందన్న మాటే గాని, సర్దినవే తీసి మళ్లీ సర్దుతోంది. నిన్న సాయంత్రం నుంచీ ఆమె చెవుల్లో ఒకటే మాట తిరుగుతోంది.

"పదేండ్ల పిల్లకు జడేసుకునేది నేర్పలేదా అమ్మా మీరు?"

అన్నది లూదియా టీచరు. వారంపాటు పిల్లల్ని నల్లమల అంచున గుడారాల్లో పెట్టుకుని వాగులూ పిట్టలూ చుక్కలూ చూపించబోయేది ఆవిడే. తన పనులు తాను చేసుకోగల పిల్లలే రావాలని, నిన్న బడిలో తల్లుల ఎదుటే చిన్న పరీక్ష పెట్టింది. లహరి దుప్పటి మడిచింది. కంచం కడిగింది. బూట్ల తాళ్లు కట్టుకుంది. ప్రతిదానికీ టీచరు కూతురు బ్లెస్సీ చప్పట్లు కొట్టింది. చివరికి దువ్వెన చేతికిచ్చారు. నడుం దాటి దిగే ఆ జుట్టు విప్పుకుని లహరి ఒక్కసారి తల్లి వంక చూసింది. దువ్వెన కింద పెట్టేసింది.

"రాదు టీచర్."

లూదియా మంచిదే గాని, మొహమాటం లేని మనిషి. "ఆడ ఇంతమందికీ నేను జడలేస్తా కూచోలేనమ్మా. సోమవారానికి పిల్ల జుట్టు పిల్లే చూసుకునేటట్టుంటే పంపండి. ల్యాకుంటే వచ్చే యేడు చూద్దాం" అనేసింది.

ఆ మాట హిమబిందుకు అంతగా గుచ్చుకోవడానికి కారణముంది. నేర్పడానికి తీరిక లేక కాదు, ఆమె కావాలనే నేర్పలేదు. పొద్దున లేస్తే బడి, సాయంత్రమైతే ట్యూషను, తర్వాత వీధిలో ఆట. ఆ పిల్ల కుదురుగా తన ముందు కూర్చునేది జడ వేసే ఆ కాసేపే. ఎవరు ఎవరితో కటీఫ్ చెప్పారో, ఎవరి డబ్బాలో ఏం కూరో, సైన్సు సారు ఎందుకు తుమ్ముతాడో అన్నీ ఆ కాసేపట్లోనే చెబుతుంది. జడ నేర్పితే ఆ కాసేపు పోతుంది. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. నిన్నటిదాకా తనతో తాను కూడా అనుకోలేదు.

"దానికింత రాద్ధాంతం ఎందుకు? భుజాల కాటికి కత్తిరిస్తే పోయెగదా" అన్నాడు ఆమె భర్త జయప్రకాష్, అంగడికి బయల్దేరుతూ.

మహానందమ్మ కొడుకు వంక ఒక చూపు చూసింది. "అది స్వామి సొత్తురా! పుట్టినప్పటినుంచి కత్తెర తగల్యా. అహోబిలం నరసింహస్వామికి మొక్కింది. కత్తిరించి చెత్తబుట్టలో ఏస్తావా?"

"నేనేమన్లేదు మా" అని జయప్రకాష్ చెప్పులు తొడుక్కున్నాడు. వాళ్లది విత్తనాల అంగడి. ఏ గింజ ఎప్పుడు మొలుస్తుందో చెప్పగలడు గాని, ఇంట్లో గొడవ మొలకెత్తే సూచన కనబడితే మాత్రం ముందుగా వీధిలోకి తప్పుకునేవాడు అతనే.

"అట్లయితే మొక్కే తీర్చేయండి" అంది లహరి. "రేపు ఆదివారమే గదా. స్వామికి ఇచ్చినట్టుంటాది, నాకు బస్సూ దొరుకుతాది."

"ఆడపిల్లకు పదేండ్లొచ్చినాక గుండేందే, ఎవురన్నా చూస్తే..." అంది గాని మహానందమ్మ గొంతులో పట్టు లేదు. తీరని ఆ మొక్కు ఏడేళ్లుగా ఆవిడ గుండెల మీద కుంపటిలా ఉంది. "అయినా మొక్కు తీరాలంటే ఒడి గావాల గదా. మేనమామ ఒళ్లో కూచోబెట్టందే కత్తి పెట్టేది లేదు."

"ఉండాడు గదా మామ. ఆళ్లగడ్డలో."

వంటింట్లో కుక్కరు కూడా సరిగ్గా అప్పుడే చప్పుడు ఆపింది.

పుట్టువెంట్రుకల రోజు అహోబిలంలో జరిగింది లహరికి ఎవరూ చెప్పలేదు. అయినా ఆ పిల్లకు అంతా తెలుసు. ముహూర్తం దాటిపోతోంది. హిమబిందు అన్న ఉమాశంకర్ ఎంతకీ రాలేదు, ఫోనూ కలవలేదు. ఓపిక నశించిన జనార్దనం, వరసకు మేనమామ అయ్యే అజయ్ కుమార్‌ను పీట మీద కూర్చోబెట్టాడు. పిల్లను ఒళ్లో పెట్టారు, తల తడిపారు. అప్పుడొచ్చాడు ఉమాశంకర్. తన చోట ఇంకొకణ్ణి చూశాడు. సొంత మేనమామ లేకపోతేనే ఆ పీట మీద వేరేవాళ్లు కూర్చునేది. "సరేప్పా, నేను చచ్చినాననుకోండి" అని ఒక్క మాట అని వెనక్కి తిరిగాడు. మామ ఉసురు పోసుకుని కత్తి పెట్టనివ్వనని మహానందమ్మ అడ్డం పడింది. తడి తలతోనే పిల్లను ఇంటికి తెచ్చారు.

అప్పటినుంచీ 'వాళ్లు రావాల' అంటుంది నంద్యాలలో ఈ ఇల్లు. 'వాళ్లు పిలవాల' అంటుంది ఆళ్లగడ్డ. రెండు ఊళ్ల మధ్య బస్సెక్కితే గంట ప్రయాణం.

"తాతా, నువ్వొక ఫోను చెయ్యి."

"నేను చెయ్యను."

"ఎందుకు?"

"ముహూర్తానికి రానిది ఆయప్ప. నేను గాదు."

"ఎందుకు రాల్యా?"

జనార్దనం నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. ఎందుకు రాలేదో ఆయనకు తెలియదు.

హిమబిందు లేచి సంచి జిప్పు లాగింది.

"నేను పోతాండా."

"యాడికి?" అన్నారు అత్తామామలిద్దరూ ఒకేసారి.

"మా అన్న దగ్గరికి. లహరిని తీస్కపోతాండా."

'పోయి రానా' అని అడగడమే గాని 'పోతాండా' అని చెప్పడం ఆ కోడలికి ఇదే మొదలు.

"పో" అన్నాడు జనార్దనం. "నేను పిలిచినానని మాత్రం చెప్పొద్దు."

"చెప్పను మామా. మీరు పిలవల్యా గదా."

ఆయన పేపరు వెతుక్కుంటూ వెళ్లాడు. మహానందమ్మ వంటింట్లోకి పోయి ఇంకో డబ్బా నింపి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"నిప్పట్లు. మీ అన్నకియ్యి. ఇవి నేనిచ్చినానని చెప్పొచ్చు."

* * *

బస్సులో లహరి నోరు మూతపడలేదు. గుడారంలో పడుకుంటారంట. పొద్దున్నే లేచి పిట్టల అరుపులు వింటారంట. ఒకరోజు పిల్లలే పొయ్యి పెట్టి వంట చేస్తారంట. చీకట్లో టార్చి ఆర్పేసి చుక్కలు చూస్తారంట.

"మా, నీకు భయమా నేను పోతే?"

"నాకేం భయం?"

"మరి సంచి అన్నిసార్లు ఎందుకు సర్దుతాండావ్?"

హిమబిందు కిటికీ వైపు తిరిగింది. రాత్రంతా నిద్ర లేదేమో, సిరివెళ్ల దాటేలోపే కన్ను మూతపడింది. ఆళ్లగడ్డ వచ్చిందని లహరి భుజం తట్టితే ఉలిక్కిపడి లేచింది. దిగే తొందరలో చూస్తే, పొద్దున హడావిడిగా వేసి సగంలో వదిలేసిన పిల్ల జడ చివరిదాకా అల్లి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. తనే వేసి మర్చిపోయిందేమో అనుకుంది. అన్న ఎదురుగా ఏం మాట్లాడాలా అన్న దిగులులో అంతకుమించి ఆలోచించలేదు.

ఉమాశంకర్‌ది స్టీలు సామాన్ల అంగడి. పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ కొన్న పాత్రల మీద చిన్న మిషనుతో పేర్లు చెక్కి ఇవ్వడంలో ఆయన చేతికి పేరు. చెల్లెలు మెట్లెక్కేటప్పుడు ఆయన ఒక బిందె మీద ఎవరిదో పేరు చెక్కుతున్నాడు. తలెత్తి చూశాడు. మళ్లీ బిందె మీదికి వంగాడు.

"వందనా!" అని లోపలికి కేకేశాడు. "ఎవురో వచ్చినారు. మంచినీళ్లియ్యి."

బయటికొచ్చిన ఆయన భార్య వందన ఆడబిడ్డను చూసి కొంగుతో చేతులు కూడా తుడుచుకోకుండా వాటేసుకుంది. "ఎవురో ఏందయ్యా, నీ చెల్లెలు! ఇదేనా లహరి? ఎంత జుట్టే తల్లీ!"

"బాగుండావా అన్నా?" అంది హిమబిందు.

"బాగుండామని చెప్పు వందనా."

వందన నుదురు కొట్టుకుంది. హిమబిందుకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. చిన్నప్పుడు గోలీల దగ్గర అలిగినా వాళ్లన్న ఇలాగే గోడతో మాట్లాడేవాడు.

తాను ఏ మాటతో మొదలుపెట్టాలో బస్సు దిగినప్పటినుంచీ కూడబలుక్కుంటోంది. లహరికి అలాంటి కష్టాలేమీ లేవు. సంచి దించి, తిన్నగా వెళ్లి గల్లాపెట్టె ముందు నిలబడింది.

"మామా, నీ ఒడి గావాల నాకు."

మిషను ఆగింది.

"రేపు అహోబిలంలో గుండు కొట్టించుకుంటాండా. సోమవారం అడవి బడికి పోవాల. నువ్వు కూచోకుంటే జేజి కత్తి పెట్టనీదు. కత్తి పెట్టకుంటే టీచరు రానీదు." ఒక్క గుక్కలో చెప్పేసి, అనుమానంగా ఆయన్ని ఎగాదిగా చూసింది. "నేను నీ ఒళ్లో పడతానా అసలు?"

జవాబు కోసం ఆగకుండా వెళ్లి కూర్చుంది. ఉమాశంకర్ చేతులు రెండూ గాల్లో ఉండిపోయాయి. పిల్ల కాళ్లు నేలకు ఆనుతున్నాయి.

"పడతాండా, చూడు మా! కాళ్లు కొంచెం మిగులుతాండాయి, అంతే."

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. ఏడేళ్ల కిందట ఒళ్లో ఇమిడిపోవాల్సిన పిల్ల. మెల్లగా ఒక చెయ్యి దించి ఆ తల మీద పెట్టాడు. వెంటనే తీసేశాడు.

"హిమా," అన్నాడు, ఈసారి సూటిగా చెల్లెలితోనే. "ఆ పొద్దు నాకెందుకు ఆలస్యమైందని మీ ఇంట్లో ఎవురన్నా అడిగినారా? ఒక్కరన్నా? మీ మామ అడగల్యా, మీ ఆయన అడగల్యా. నువ్వూ అడగల్యా."

అత్తగారింటి పరువు ఒకవైపు, అన్న కోపం ఒకవైపు, హిమబిందు అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది నిజమే. కాని అడగకపోవడమూ నిజమే.

"ఇప్పుడు అడుగుతాండా. చెప్పన్నా."

"నీకు చెప్పను. మీ మామ అడగాల." ఉమాశంకర్ పిల్లను దించి లేచాడు. "రేపు పొద్దున అహోబిలంలో ఉంటా. మీ మామ వచ్చి నోరు తెరిచి పిలిస్తే పీట మీద కూచుంటా. పిలవకుంటే స్వామికి దండం పెట్టుకుని తిరిగొస్తా."

"తాత పిలవడు మామా. నోరు తెరుస్తాడు, మల్ల మూస్తాడు" అంది లహరి.

వందన కిసుక్కున నవ్వింది. ఉమాశంకర్ నవ్వలేదు గాని, అరల్లోంచి తేలికైన కంచం ఒకటి తీశాడు. అడవి బడిలో ఎవరి సామాను మీద వాళ్ల పేరుండాలని పిల్ల కబుర్ల మధ్య వందనకు చెప్పడం ఆయన విన్నాడు. మిషను గర్రుమంది. కంచం అంచున 'లహరి' అని పేరు మెరిసింది.

"ఎవురిచ్చినారో కూడా వెయ్యి మామా. బ్లెస్సీ అడిగితే చెప్పాల గదా."

"అది రేపు చూద్దాం."

* * *

ఆదివారం పొద్దున కారు బయల్దేరుతుంటే జనార్దనం ఉతికిన పంచెతో వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"నేను స్వామి దర్శనానికి వస్తాండా. అంతే" అన్నాడు, ఎవరూ ఏమీ అడగకముందే. అంతకుముందే పంచాంగం తిరగేసి ఏదో వంక చెప్పబోయాడు గాని, "క్షేత్రంలో వారమేంది, వర్జ్యమేంది" అని మహానందమ్మ పుస్తకం మూసేసింది. చింత చచ్చినా పులుపు చావదంటారు. ఆయన పులుపు మాత్రం కారెక్కింది, అది చాలనుకుంది హిమబిందు.

దిగువ అహోబిలం చేరేసరికి కల్యాణకట్ట దగ్గర ఉమాశంకర్ అప్పటికే ఉన్నాడు. తెల్లవారకముందే వచ్చి కూర్చున్నాడని వందన చెవిలో చెప్పింది. ఈసారి ఆలస్యమన్న మాట ఎవరినీ అననివ్వకూడదని ఆయన పంతం. ఒక స్తంభం దగ్గర ఆయన. కారు దిగిన జనార్దనం ఇంకో స్తంభం దగ్గర. మధ్యలో ఖాళీ పీట.

"నిలబడేకి వచ్చినారా అందరూ?" అన్నాడు కత్తి నూరుకుంటున్న పెద్దాయన. "బేగా రాండప్పా. నా యెనక జనముండారు."

మహానందమ్మ మొగుడి వంక చూసింది. వందన కూడా మొగుడి వంకే చూసింది. జయప్రకాష్ ఆకాశం వంక చూశాడు. హిమబిందు మామగారి దగ్గరికి వెళ్లింది.

"ఒక్క మాట మామా."

"దర్శనానికొచ్చినా నేను."

అంత దూరం వచ్చి, నాలుగు బారల దగ్గర ఆగిపోయే పెద్దరికం ఎందుకు? గట్టిగా ఒక మాట అనేయాలనుకుంది. అంతలో వినిపించింది.

లహరి పీట పక్కన ఒక్కతే నిలబడి ఈల వేసింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

"వస్తాండా!" అన్నాడు జనార్దనం. అలవాటైన నోరు, ఆయన్ని అడగకుండానే అనేసింది.

"వస్తాండా తల్లీ!" అన్న కేక అవతలి స్తంభం నుంచి కూడా వచ్చింది. నిన్న అంగట్లో పిల్ల ఆ నియమం మామకు కూడా నేర్పే వచ్చింది.

నియమం నియమమే. ఈలకు బదులు పలికాక కదలకుండా ఉండకూడదు. ఇద్దరూ చెరో వైపు నుంచి నడిచి పీట దగ్గర ఆగారు. మొహాలు ఇంత దగ్గరగా చూసుకుని ఏడేళ్లయింది.

జనార్దనం గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు.

"ఉమాశంకరా... ఆ పొద్దు... నీకెందుకు ఆలస్యమైందప్పా?"

ఉమాశంకర్ తల వంచుకున్నాడు.

"స్కూటరు టైరు పంచరైంది మామా. దోవలో ఒక్క అంగడీ ల్యా. ఎండలో తోసుకుంటా వచ్చినా. ఫోను చార్జింగు అయిపోయింది."

"పంచరా?"

"పంచరే."

"ఇంతేనా?"

"ఇంతే మామా."

ముందు వందన నవ్వింది. తర్వాత మహానందమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్న ఇద్దరు మగవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కూచోప్పా" అన్నాడు జనార్దనం, పీట వైపు చెయ్యి చూపించి. "నీ జాగా ఇది. ఆ పొద్దు నేను తొందరపడినా."

ఉమాశంకర్ కూర్చున్నాడు. లహరి గెంతి ఒళ్లో పడింది. మహానందమ్మ గోవిందా అని గొంతెత్తింది. హిమబిందుకు అన్న దొరికాడు. మొక్కు తీరుతోంది. రేపు బస్సు. పెద్దాయన చెంబులో నీళ్లు తీసుకుని పిల్ల జడ విప్పడానికి చెయ్యి చాపాడు.

"ఆగప్పా!"

అందరూ తిరిగి చూశారు. ఆ కేక వేసింది తనేనని హిమబిందుకు ఒక క్షణం తర్వాత తెలిసింది.

"ఏందమ్మా మల్ల?" అన్నాడు పెద్దాయన.

"ఒక్కసారి... ఒక్కసారి నేను జడేస్తా. ఆ తర్వాత తియ్యి."

పెద్దాయన ఏమనుకున్నాడో, పక్కకు జరిగాడు. హిమబిందు కూతురి వెనక మోకాళ్ల మీద కూర్చుంది. జుట్టంతా విప్పింది. మూడు పాయలు తీసింది. కళ్లలో నీళ్లు నిండి ఏ పాయ ఏదో కనిపించలేదు. ఒక పాయ జారింది. అందుకుంటే ఇంకొకటి జారింది. రోజూ కళ్లు మూసుకుని వేసే జడ.

అప్పుడు లహరి చేతులు రెండూ వెనక్కి వచ్చాయి. తల్లి వేళ్లలోంచి పాయలు తీసుకున్నాయి. చకచకా అల్లుకుంటూ పోయాయి. సగం దాకా వచ్చాక జడ భుజం మీదుగా ముందుకు వేసుకుని, మామతో ఏదో చెబుతూనే, చూడకుండానే చివరిదాకా అల్లి, మణికట్టుకున్న రబ్బరు బ్యాండు తీసి వేసింది. జడ బిగువుగా, ఎక్కడా వంకర లేకుండా ఉంది.

హిమబిందు ఆ జడను వెనక్కి తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. నిన్న బస్సులో జడ తనే వేసి మర్చిపోయింది కాదన్నమాట.

"ఎప్పుడు నేర్చుకున్నావే?"

లహరి నాలుక కరుచుకుంది. దొరికిపోయిన దొంగలా తల వంచుకుంది.

"పోయిన యేడు. బ్లెస్సీ నేర్పింది."

"మరి బడిలో రాదన్నావే!"

"నువ్వు ఎదురుగా నిలబడినావు కదమ్మా." పిల్ల గొంతు చిన్నదైంది. "నాకొచ్చని తెలిస్తే నువ్వు రేపటినుంచి వెయ్యవు గదా. అందుకే... గుండు కొట్టిస్తే ఎవురూ వేసే పనుండదు, నీకూ బాధుండదు అనుకున్యా."

హిమబిందు పిల్లను వెనకనుంచే గట్టిగా పట్టుకుంది. ఆ ఆనందం ఎంత పెద్దదో, ఆ సిగ్గు ఎంత పెద్దదో ఆమెకే తెలియదు. జడ కోసం కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుంటున్నానని ఇన్నాళ్లూ తను అనుకుంది. కూతురు వచ్చి కూర్చున్నది తన కోసం.

"అంటే... పిల్లకు జడొచ్చు" అన్నాడు జయప్రకాష్ నెమ్మదిగా. "అంటే గుండు లేకున్నా బస్సెక్కొచ్చు."

"నోర్మూయిరా!" అంది మహానందమ్మ. "మేనమామ ఒళ్లో కూచున్నాక లేపుతారా యాడన్నా? స్వామి ఎదురుగా ఉండాడు."

"పిల్లకిష్టం ల్యాకుంటే స్వామి ఏమనుకోడులే" అన్నాడు జనార్దనం, ఎన్నడూ లేనిది.

"ఇష్టం ల్యాదని అదెప్పుడు చెప్పింది?" అన్నాడు ఉమాశంకర్, పిల్లను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటూ. దొరకక దొరికిన ఒడి ఆయనది. వదలడానికి మనసు రావడం లేదు.

సద్దుమణిగిన గొడవ మళ్లీ మొలకెత్తేలా ఉంది. జయప్రకాష్ చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"తియ్యాల్నా, వద్దా తల్లీ?" పెద్దాయన కత్తి పట్టుకుని హిమబిందు వంక చూశాడు. "ఏదో ఒకటి చెప్పండి."

అందరూ ఆమె వైపే తిరిగారు. జడ ఇంకా ఆమె అరచేతిలోనే ఉంది, వెచ్చగా, బరువుగా. చెప్పడం ఎంతసేపు? ఒక్క మాట. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఆమె ఆ మాట మింగేసింది. జడను మెల్లగా కూతురి భుజం మీదుగా ముందుకు వేసి, చేతులు వెనక్కి తీసుకుంది.

"జుట్టు దానిది. దాన్నే అడగండి" అంది.

లహరి ఒకసారి మామ మొహం చూసింది. ఒకసారి తాత మొహం చూసింది. తల తిప్పి, చాలాసేపు, అమ్మ మొహం చూసింది. "తియ్యండి. మల్ల పెరిగినాక మాత్రం జడ మా అమ్మే వెయ్యాల" అని పెద్దాయన ముందు తల వంచింది.